రోగపీడిత బాలలు – వినోద శిబిరములు

రోగిని పరామర్శించుట అన్ని మతముల వారును పాటించు సదాచారము. ఉర్దూలో దీనిని ‘ఇయాదత్’ అందురు. నాలుగు పండ్లు తీసికొనిపోయి, మంచము ప్రక్కన కొంతసేపు కూర్చుండి, ఇంటివారికి ధైర్యము చెప్పి వచ్చుట మనకందరకు అలవాటైన పనియే. నాలుగు దినముల జ్వరమునకు ఈ పరామర్శ చాలును. కాని జబ్బు ఏండ్ల తరబడి వదలనిదైనప్పుడు, ఆ మంచము మీదనున్నది ఎనిమిదేండ్ల బిడ్డ అయినప్పుడు, పండ్లును ఓదార్పు మాటలును చాలునా?

తీవ్రమైన తలసీమియాతో పుట్టిన బాలికకు రెండు మొదలు నాలుగు వారములకొకసారి రక్తము ఎక్కించవలెను. మొదటి రకపు మధుమేహము గల బాలునికి ప్రతిదినము ఇన్సులిన్ ఇచ్చి తీరవలెను. అందులో పండుగ సెలవు లేదు, ఆదివారము లేదు. పిల్లలలో ఎక్కువగా కనిపించు రక్త క్యాన్సరునకు చికిత్స రెండు మూడేండ్లు సాగును. ఇట్టి బిడ్డను ఇంటిల్లిపాది కంటికి రెప్పవలె కాపాడుదురు. పరుగెత్తవద్దందురు, వానలో తడియవద్దందురు, ఊరికి పంపుటకు భయపడుదురు. పాఠశాలలో ఆటల గంట మ్రోగినపుడు ఉపాధ్యాయుడు ఆ ఒక్కనిని చెట్టు క్రింద కూర్చుండబెట్టును. ఇదంతయు ప్రేమతో చేయునదే. కాని క్రమముగా ఆ పిల్లవాని పేరు వెనుకబడి, జబ్బు పేరు ముందుకు వచ్చును. ‘ఆ షుగరు పిల్లవాడు’, ‘ఆ రక్తము ఎక్కించుకొను పిల్ల’ అని ఊరు పిలుచును. చివరకు ఆ బిడ్డయు తన్ను తాను అట్లే తలచుకొనును.

రోగమునకు చికిత్స చేయుట వైద్యుని పని. రోగము మ్రింగివేసిన బాల్యమును బిడ్డకు తిరిగి ఇచ్చుట వేరొక పని. ఈ రెండవ పనికై కొన్ని దేశములలో ఏర్పడినవే రోగపీడిత బాలల వినోద శిబిరములు. ఇవి ఎట్లు పుట్టినవి, ఎట్లు నడచుచున్నవి, వీని వలన మనము నేర్వదగినది ఏమి అను విషయములను ఈ వ్యాసములో వివరింప దలచినాము.

తొలి అడుగులు

పిల్లలను ఇంటికి దూరముగా ఆరుబయట కొన్ని దినములు ఉంచి బలము చేకూర్చవలెనను ఆలోచన పాతదే. స్విట్జర్లాండులోని జూరిచ్ నగరములో హెర్మన్ వాల్టర్ బియాన్ అను మతాచార్యుడు 1876లో నగరపు పేద పిల్లలను అప్పెన్‌జెల్ కొండ ప్రాంతమునకు తీసికొనిపోయినాడు. మంచి గాలి, మంచి పాలు, కడుపునిండ తిండి, కావలసినంత ఆట – ఇదియే అతని పథకము. అది పేదరికమునకు, బలహీనతకు విరుగుడు. నిత్యము వైద్యము కావలసిన బిడ్డలను అట్లు కొండలకు పంపు ధైర్యము అప్పటికి ఎవరికిని లేదు.

ఆ ధైర్యము ఇన్సులిన్‌తో వచ్చినది. 1921లో కెనడాలోని టొరాంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అనువారలు ఇన్సులిన్‌ను వేరుచేయగలిగినారు. 1922 జనవరిలో 14 ఏండ్ల బాలునికి మొదటిసారి దానిని ఇచ్చినారు. అంతకు పూర్వము ఈ రకపు మధుమేహము వచ్చిన బిడ్డ ఆకలితో మాడి, ఎముకల గూడై, సాధారణముగా కొద్దికాలములోనే మరణించెడివాడు. ఇన్సులిన్ బిడ్డను బ్రతికించినది. కాని వెంటనే ఒక క్రొత్త సమస్య పుట్టినది. బ్రతికిన బిడ్డ ఎట్లు జీవించవలెను? సూది ఎవరు పొడువవలెను? ఆడినప్పుడు రక్తములోని చక్కెర పడిపోయిన ఏమి చేయవలెను? తల్లి కొంగు వదలి ఒక రాత్రియైన బయట ఉండగలడా?

ఈ ప్రశ్నలకు సమాధానముగా 1925లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున లియొనార్డ్ వెండ్ట్ అను వైద్యుడు మధుమేహ బాలలకొక వేసవి శిబిరమును నడిపినాడు. ఈ తరహా శిబిరములలో ఇదియే మొదటిదని చెప్పుదురు. బోస్టన్‌లో మధుమేహ వైద్యునిగా సుప్రసిద్ధుడైన ఇలియట్ జాస్లిన్ ప్రోత్సాహముతో 1932లో మసాచుసెట్స్ రాష్ట్రములోని నార్త్ ఆక్స్‌ఫర్డ్‌లో బాలికల శిబిరమొకటి వెలసినది. అమెరికన్ రెడ్‌క్రాస్ స్థాపకురాలైన క్లారా బార్టన్ జన్మించిన స్థలమే దానికి నెలవు, ఆమె పేరే దానికి పేరు. 1948లో జాస్లిన్ పేరనే బాలుర శిబిరమును ఏర్పడినది. కండరముల క్షీణతతో బాధపడు బాలలకు 1955 నుండి అమెరికాలో ప్రత్యేక శిబిరములు జరుగుచున్నవి.

ఈ తొలి శిబిరములు ఒక సత్యమును బయటపెట్టినవి. సూది వేసికొనుటను వైద్యుడు పదిసార్లు బోధించినను భయపడు బిడ్డ, తన యీడు బిడ్డ ఒకతె నవ్వుచు వేసికొనుట చూచిన వెంటనే చేయి చాచును. హీమోఫిలియా గల బాలుర శిబిరములలోను ఇదే జరుగుచున్నది. రక్తము గడ్డకట్టుటకు అవసరమైన మందును తమ నరములోనికి తామే ఎక్కించుకొనుటను ఎందరో బాలురు శిబిరములలోనే నేర్చినారు.

ఒక నటుని సంకల్పము

ఈ శిబిరముల చరిత్రలో రెండవ ఘట్టము పాల్ న్యూమన్ (1925–2008) అను హాలీవుడ్ నటునితో మొదలగుచున్నది. 1982లో ఆయన, రచయిత హాచ్‌నర్ అను మిత్రునితో కలిసి, పచ్చి కూరగాయల ముక్కలపై పోసికొను ఒక పులుసును సీసాలలో నింపి అమ్మ నారంభించినాడు. మిత్రులకు బహుమతిగా పంచుటతో మొదలైన ఈ పని ‘న్యూమన్స్ ఓన్’ అను పెద్ద వ్యాపారమైనది. దాని లాభమంతయు దానధర్మములకే వినియోగించుట నియమముగా పెట్టుకొన్నారు.

ఆ ధనముతోను, ఇతరుల విరాళములతోను 1988లో కనెక్టికట్ రాష్ట్రములోని ఆష్‌ఫర్డ్ వద్ద ఆయన ఒక శిబిరమును ప్రారంభించినాడు. క్యాన్సరు, రక్త సంబంధమైన తీవ్ర వ్యాధులు గల పిల్లల కొరకు అది ఉద్దేశింపబడినది. దానికి ‘హోల్ ఇన్ ది వాల్ గ్యాంగ్ క్యాంప్’ అని పేరు పెట్టినాడు. 1969లో ఆయన నటించిన ‘బుచ్ కాసిడీ అండ్ ది సన్‌డాన్స్ కిడ్’ అను చిత్రములోని బందిపోటు ముఠా పేరది. ఆ ముఠా దాగు కొండ కనుమకు ‘గోడలోని కన్నము’ అని పేరు. వెంటాడువారు చేరలేని ఆ దాపువలె, రోగము వెంటాడు పిల్లలకొక దాపు కావలెనని ఆయన భావము. అందుకే శిబిరమును పాతకాలపు పశ్చిమ అమెరికా పల్లెవలె కట్టించినాడు. పిల్లలు అక్కడ బుద్ధిమంతులవలె కూర్చుండుటకు గాక, కొంత అల్లరి చేయుటకు రావలెనని ఆయన కోరిక.

ఈ పని ఎందుకు చేసితివని అడిగినవారికి ఆయన అదృష్టమును గూర్చి చెప్పెడివాడు. తన జీవితములో అదృష్టము ఎంతో దయ చూపినదనియు, కొందరి జీవితములలో, ముఖ్యముగా దానిని సరిదిద్దుకొను వయస్సైన రాని పిల్లల జీవితములలో, అదే అదృష్టము క్రూరముగా ప్రవర్తించినదనియు, ఆ వ్యత్యాసమును గుర్తించుటయే తన ఉద్దేశమనియు ఆయన మాటల సారాంశము. ఇందులో జాలి కంటె న్యాయబుద్ధి ఎక్కువగా కనిపించుచున్నది.

ఆ ఒక్క శిబిరము అనేక శిబిరములకు మాతృక అయినది. ఐర్లండులోని కిల్డేర్ కౌంటీలో బారెట్స్‌టౌన్ అను పాత కోటలో 1994లోను, ఫ్లోరిడాలోని బాగీ క్రీక్‌లో 1996లోను, హంగరీలో ‘బాతోర్ తాబోర్’ అనగా ‘ధైర్య శిబిరము’ అను పేరుతో 2001లోను, ఇటలీలో ‘డైనమో’ అను పేరుతో 2007లోను ఇట్టివి వెలసినవి. కైల్ పెటీ అను మోటారు పందెగాని కుమారుడు ఆడమ్ బాగీ క్రీక్ శిబిరమును చూచి, అట్టిదొకటి తమ ప్రాంతమున ఉండవలెనని ఆశించినాడు. 2000లో ఆ యువకుడు పందెపు సాధనలో ప్రమాదవశమున మరణించగా, తల్లిదండ్రులు ఆ కోరికను తీర్చుటకు 2004లో ఉత్తర కరొలైనాలో ‘విక్టరీ జంక్షన్’ను నెలకొల్పినారు. ఈ శిబిరముల కూటమి 2012 నుండి ‘సీరియస్ ఫన్’ అను పేరుతో వ్యవహరింపబడుచున్నది. ధనికుని బిడ్డ అయినను, పేదవాని బిడ్డ అయినను ఈ శిబిరములలో రుసుము లేదు.

తెరవెనుక వైద్యము

ఈ శిబిరములలో వైద్యము ఉండదని ఎవరైన అనుకొనిన అది పొరపాటు. వైద్యులు, నర్సులు రేయింబవళ్ళు అక్కడనే ఉందురు. అయితే వైద్యము వేదిక మీద గాక తెరవెనుక ఉండును. వేదిక మీద పిల్లవాడు ఉండును. ఇదియే ఈ శిబిరముల రహస్యము.

పిల్లలు వచ్చిన వెంటనే వారి మందులన్నియు నర్సులు తీసికొని, ఎవరికి ఏ వేళ ఏమి ఈయవలెనో పట్టిక వ్రాసికొందురు. చికిత్స అవసరమైన బిడ్డ ఆటల మధ్య కొంతసేపు వైద్యశాలకు వెళ్ళి, పని ముగిసిన వెంటనే తన గుంపులో వచ్చి కలియును. ఆ వైద్యశాలకును వైద్యశాల అను పేరు ఉండదు. ఆష్‌ఫర్డ్‌లో దానిని పాతకాలపు తుపాకీ కథలలోని గుర్రముల దొడ్డి పేరుతో ‘ఓకే కొరాల్’ అందురు. కాలిఫోర్నియాలో ‘పెయింటెడ్ టర్టిల్’ అనగా ‘రంగుల తాబేలు’ అను శిబిరములో అది ‘వెల్ షెల్’, అనగా బాగుచేయు చిప్ప. విక్టరీ జంక్షన్‌లో మోటారు బండ్లను మరమ్మతు చేయు ‘బాడీ షాప్’ పేరే దానికి పెట్టినారు. పేరులో ఏమున్నదని పెద్దలు అనుకొనవచ్చును. ఆసుపత్రి వాసనకే వణకు బిడ్డకు పేరులో చాల ఉన్నది.

జబ్బును బట్టి ఆటను మలచుకొనుట ఈ నిర్వాహకులు సాధించిన గొప్ప నేర్పు. సికిల్ సెల్ వ్యాధి గల బిడ్డ చల్లని నీటిలో దిగిన తీవ్రమైన నొప్పులు పుట్టవచ్చును. అందుచేత ఈత వలదనక, కొలనులోని నీటిని వేడిచేసి ఉంచుదురు, మాటిమాటికి త్రాగుటకు నీరిత్తురు. మధుమేహ బాలలు ఎక్కువగా ఆడిన దినమున రాత్రి నిద్రలో చక్కెర పడిపోవచ్చును. అందుచేత ఆట మాన్పక, అర్ధరాత్రి పరీక్షించుటకు మనిషిని పెట్టుదురు, పండ్ల రసము చేతికి అందునట్లు ఉంచుదురు. సూర్యరశ్మి సోకినచో చర్మము పాడగు అరుదైన జబ్బు గల పిల్లలకై న్యూయార్క్ రాష్ట్రములోని ‘క్యాంప్ సన్‌డౌన్’ వారు ఆటలన్నిటిని రాత్రివేళకు మార్చినారు. పగలు నిద్ర, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట ఆటలు. బిడ్డ లోకమునకు సరిపోనప్పుడు, నాలుగు దినములైన లోకమే బిడ్డకు సరిపోవునట్లు మారినది.

మరియొక సంగతి గమనింపదగినది. భోజనపు బల్ల వద్ద పదిమంది పిల్లలును వ్రేలు గుచ్చి చక్కెర చూచుకొనుచున్నప్పుడు ఆ పని వింత కాదు. చికిత్స వలన జుట్టు రాలిన తల పది తలలలో ఒకటియైనప్పుడు దానిని దాచుకొన నక్కరలేదు. ఊరిలో ఒంటరియైన బిడ్డకు ఇక్కడ తనవంటివారు దొరుకుదురు.

ఎంచుకొను హక్కు

రోగియైన బిడ్డ తన దేహము మీద తనకే అధికారము లేనివాడు. సూది ఎప్పుడో, రక్తపరీక్ష ఎప్పుడో, ఏమి తినవలెనో, ఎన్నడు ఇంటికి పోవలెనో ఇతరులు నిర్ణయింతురు. శిబిరములో ఈ పద్ధతిని తలక్రిందులు చేయుదురు. ఎక్కుటకు త్రాళ్ళతో భద్రపరచిన ఎత్తైన గోపురము ఉండును. చక్రముల కుర్చీలోని బిడ్డను సైతము నడుమునకు పట్టీ బిగించి పైకి చేర్చు ఏర్పాటుండును. అయితే ఎక్కుమని ఎవరును బలవంతపెట్టరు. ఎంత ఎత్తు ఎక్కవలెనో బిడ్డయే చెప్పవలెను. మొదటి మెట్టు వద్ద ఆగి చాలుననిన వానికిని, శిఖరము తాకిన వానికిని చప్పట్లు ఒకే విధముగా మ్రోగును. గెలిచినవారి పట్టిక ఉండదు.

ఈ విధానమునకు బారెట్స్‌టౌన్ వంటి శిబిరములలో నాలుగు మెట్లు చెప్పుదురు: సవాలు, సాఫల్యము, పర్యాలోచన, ఆవిష్కరణ. పగలు ఒక సవాలును బిడ్డ స్వీకరించును. తనకు తగినంత సాధించును. రాత్రి నిద్రకు ముందు తన గదిలోని వారితో కూర్చుండి ఆ దినము ఏమి జరిగెనో చెప్పుకొనును. అప్పుడు తనలో తనకు తెలియని శక్తి ఉన్నదని గ్రహించును. ‘గోపురము ఎక్కగలిగిన నేను, వచ్చే నెల చికిత్సకు కూడ నిలువగలను’ అను తలంపు ఎవరును బోధించకయే మనస్సులో పుట్టుటకు వీలు కలుగును. ఈ నాలుగు మెట్లలో మూడవదానిని విస్మరించినచో శిబిరము కేవలము విహారయాత్ర యగునని మా అభిప్రాయము.

ప్రమాదములు, పరిమితులు

మంచి ఉద్దేశము ఒక్కటే చాలదనుటకు ఈ శిబిరముల చరిత్రలోనే ఒక బాధాకరమైన ఉదాహరణము కలదు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అను వంశపారంపర్య శ్వాసకోశ వ్యాధి గల పిల్లలకు అమెరికా, కెనడాలలో ఒకప్పుడు ప్రత్యేక వేసవి శిబిరములు జరిగెడివి. వారును ఇతర పిల్లలవలెనే అక్కడ స్నేహితులను సంపాదించుకొన్నారు. కాని ఆ జబ్బు గలవారి ఊపిరితిత్తులకు మిక్కిలి హానికరమైన ఒక బాక్టీరియా ఒకరి నుండి మరియొకరికి సోకుచున్నదనియు, శిబిరములు అందుకు తావిచ్చుచున్నవనియు 1990ల తొలి సంవత్సరములలో తేలినది. ఆ శిబిరములను ఆపివేయవలసి వచ్చినది. ఏ సాన్నిహిత్యము ఆ పిల్లలకు ఓదార్పైనదో అదే వారికి అపాయమైనది. ఎవరిని ఎవరితో కలుపవలెననునది దయాగుణము గాక వైద్యశాస్త్రము నిర్ణయింపవలెనని దీని వలన తెలియుచున్నది.

క్యాన్సరు చికిత్స పొందు బిడ్డకు ఆటలమ్మ, తట్టు వంటివి ప్రాణాంతకము కాగలవు. కావున సేవకులు టీకాలు వేయించుకొనవలెను. జలుబు చేసినవారు దూరముగా ఉండవలెను. సేవకుల పూర్వవృత్తాంతమును విచారించుట, ఏ పెద్దయు ఒంటరిగా ఒక బిడ్డతో మూసిన గదిలో ఉండరాదను నియమము పాటించుట మంచి శిబిరములన్నిటిలో తప్పనిసరి.

ఇక ఫలితముల మాట. శిబిరము జబ్బును నయము చేయదు. పిల్లలలో ఆత్మవిశ్వాసము పెరిగినట్లు, తమ జబ్బును గూర్చిన తెలివిడి, తమ్ము తాము చూచుకొను నేర్పు వృద్ధియైనట్లు పలు పరిశీలనలు చూపినవి. అయితే ఈ లాభములలో కొన్ని ఇంటికి పోయిన కొన్ని నెలలకు తగ్గిపోవుటయు కనిపించినది. అందుకే మంచి శిబిరములు వేసవితో పని ముగింపవు. కుటుంబములను పిలుచును, ఇంటిలో మరుగునపడిన అన్నదమ్ములకు, అక్కచెల్లెండ్రకు వేరుగా శిబిరములు పెట్టును, రాలేని బిడ్డల వద్దకు, ఆసుపత్రి మంచము దగ్గరకే, ఆటను తీసికొనిపోవును.

ఈ ధనముతో మందులు కొనవచ్చును గదా అని కొందరు ప్రశ్నింతురు. మందు లేనిచోట మొదట మందే కావలెను; అందు సందేహము లేదు. కాని మందుతో బ్రతికించిన బిడ్డకు బ్రతుకు మీద ఆశ లేనిచో ఆ మందును ఎంతకాలము సరిగా వాడును? యౌవనములో అడుగుపెట్టిన పిల్లలు విసిగి మందులు మానివేయుట వైద్యులకు తెలిసిన కష్టమే. ఆశను నిలుపు పనిని చికిత్సకు పోటీగా గాక, తోడుగా చూడవలెను.

మన ప్రాంతము – విద్యార్థుల పాత్ర

తెలుగు నేల మీద తలసీమియా బాధితులు అనేకులు కలరు. సికిల్ సెల్ వ్యాధి మన ఆదివాసి ప్రాంతములలో అధికము. ఈ వ్యాధి నిర్మూలనకై జాతీయ కార్యక్రమమొకటి 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాదోల్ వద్ద ప్రారంభింపబడినది. పరీక్షలు, మందులు, వివాహ పూర్వ సలహాలు దాని అంగములు. ఆ పరీక్షలలో బయటపడు ప్రతి బిడ్డకును ముందున్నది ఏండ్ల తరబడి చికిత్స. ఆ ఏండ్లలో వాని బాల్యమును ఎవరు పట్టించుకొందురు?

ఇందుకు కోటలు, కొలనులు అవసరము లేదు. రక్తము ఎక్కించు గదిలో ఒక బిడ్డ గంటల తరబడి చేయి కదపక పడుకొనవలెను. ఆ గంటలే మన శిబిరము కావచ్చును. ఒక చేతితో ఆడదగిన ఆటలు, బొమ్మలు వేయుట, కథలు చెప్పుట, నీడబొమ్మలాట – వీనికి ఖర్చు స్వల్పము. విదేశములలోని శిబిరములలోను పిల్లల వెంట నుండి నడిపించువారిలో అధిక సంఖ్యాకులు కళాశాల వయస్సు యువకులే. పిల్లలు పెద్దల బోధ కంటె తమకు అన్నవలె, అక్కవలె తోచువారి స్నేహమునే కోరుదురు.

మన కళాశాల విద్యార్థులకు మరియొక సదుపాయము కలదు. పెద్దాసుపత్రిలో ఒక మంచము మీద తెలుగు ఇంటి బిడ్డ, ప్రక్క మంచము మీద ఉర్దూ ఇంటి బిడ్డ ఉండుట సహజము. ఒకే కథను ఇద్దరికిని వారి వారి భాషలో చెప్పగలవారు మన తరగతులలో ఉన్నారు. ఈ నేర్పు పరీక్షలో మార్కులు తేకపోవచ్చును. ఆ రెండు మంచముల నడుమ దానికి విలువ ఎక్కువ.

అయితే కొన్ని నియమములు తప్పవు. వైద్యుల అనుమతి, తల్లిదండ్రుల సమ్మతి లేక అడుగిడరాదు. దగ్గు, జలుబు ఉన్న దినమున పోరాదు. ఛాయాచిత్రములు తీయరాదు. ‘నీకేమి జబ్బు?’ అని అడుగరాదు. ‘నీకేమి ఆట ఇష్టము?’ అని అడుగవలెను. వత్తునని మాట యిచ్చి రాకుండుట ఆరోగ్యవంతుని విషయములో చిన్న తప్పు. వారమంతయు తలుపు వైపు చూచు బిడ్డ విషయములో పెద్ద తప్పు. కావున ఒక దినము పదిమంది పోయి మరచుట కంటె, ఇద్దరు ప్రతి వారము పోవుట మేలు.

జాతీయ సేవా పథకము 1969 నుండి కళాశాలలలో నడచుచున్నది. చెట్లు నాటుట, రోడ్లు ఊడ్చుటతో పాటు ఈ పనిని కూడ అందులో చేర్చవచ్చును. ఆరుగురు విద్యార్థులు, ఒక అధ్యాపకుడు, అంగీకరించిన ఒక వైద్యుడు – ఆరంభమునకు ఇంత చాలును. సంవత్సరాంతమున ఆ పిల్లలకు, వారి అన్నదమ్ములకు, అక్కచెల్లెండ్రకు మన ఆటస్థలములో వైద్యుల సమక్షమున ఒక దినపు శిబిరము జరుపవచ్చును. కళాశాల కమిటీవారు ఈ సూచనను పరిశీలింతురని ఆశించుచున్నాము. విద్యార్థులలో ముందుకు వచ్చువారు తెలుగు శాఖలో తమ పేర్లు ఇచ్చినచో, వైద్యులతో మాటలాడు బాధ్యతను మేము వహింతుము.